శుక్రవారం లేని బొమ్మలు

కత్తెరతో నాకు పేచీ లేదు. శుభలేఖ, చీరల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండరు, మిఠాయి డబ్బా మీది బంగారు కాగితం, పాత వారపత్రిక అట్ట, ఏది చేతికి దొరికితే అది కోస్తాను. కోసినవి అట్ట మీద పేరుస్తాను. కొండ ఉండాల్సిన చోట కొండ, ఆకాశం ఉండాల్సిన చోట ఏదో పట్టుచీర ప్రకటనలోని నీలం. జరుపుతాను, తిప్పుతాను, తలకిందులు చేస్తాను. ఒక దశలో బొమ్మ కుదిరిందని నాకే తెలిసిపోతుంది. సరిగ్గా అక్కడ ఆగిపోతాను. గమ్ము డబ్బా మూత తియ్యను. ముక్కలు ఎగిరిపోతాయని మే నెలలో ఫ్యాను కట్టేసుకుని కూర్చున్న రోజులున్నాయి. తిరుపతి మే నెల ఎరిగినవాళ్లకు ఇది ఏ స్థాయి పిచ్చో వేరే చెప్పక్కర్లేదు. చివరికి ముక్కలన్నీ ఒక కవర్లోకి, ఆ కవరు చీరల పెట్టెలోకి, ఆ పెట్టె బీరువా మీదికి పోతాయి.

ఎందుకిలా అంటే అందరి దగ్గరా ఒకటే జవాబు. "నీకు పర్ఫెక్షన్ పిచ్చి." ఆ మాటలో తిట్టు కన్నా మెప్పే ఎక్కువ. ఉద్యోగం ఇంటర్వ్యూలో నీ లోపమేంటయ్యా అంటే కుర్రాళ్లు చెప్పే జవాబు అదే కదా, లోపం పేరుతో గొప్ప. ఆ గొప్ప నాకు అంటదు. నా బొమ్మల్లో అంచులు వంకర. ఏనుగు కాళ్లు నాలుగూ నాలుగు పొడుగులు. పరిపూర్ణత కోసం అల్లాడేవాడికి ఆ కాళ్లు చూస్తే నిద్ర పట్టకూడదు. నేను హాయిగా పడుకుంటాను. అతికించడం మాత్రం జరగదు. అందుకే ఈ జబ్బుకు జనం పెట్టిన పేరు తప్పేమోనని నాకు చాన్నాళ్ల అనుమానం. పేరు తప్పయితే మందూ తప్పే. భయపడకు, తోచింది చెయ్యి, తప్పులు రానీ అని ఎవరెంత చెప్పినా నా పెట్టెలో కవర్లు పెరుగుతూనే ఉన్నాయి.

మొదట నెపం దేవుడి మీదికి తోశాను. తిరుపతిలో కాగితం కొయ్యడమంటే మాటలు కాదు, అచ్చయిన ప్రతిదాని మీదా స్వామి ఉంటాడు. శుభలేఖ మీద ఉంటాడు, లాడ్జి కార్డు మీద ఉంటాడు, కిరాణా కొట్టు బిల్లు మీద కనీసం నామమైనా ఉంటుంది. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకోమని పెంచిన తరం మాది. ఏడాది దాటిన దేవస్థానం క్యాలెండరును చెత్తలో వెయ్యలేక రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తాం. అక్కడ ఒకసారి వంగి చూడండి. అద్దం పగిలిన పటాలు, శుభలేఖలు, క్యాలెండర్లు వానకు తడిసి, చెదపట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. గౌరవంగా కుళ్లబెట్టడం మన పద్ధతి. దీన్నిబట్టి ఒక సిద్ధాంతం కట్టాను. తెల్లకాగితం మీద బొమ్మ చెడితే పోయేది కాగితం ఒక్కటే. కాగితాలు కోసి అతికే ఈ కొలాజ్‌లో అలా కాదు, అంతకుముందే పూర్తయిన ఇంకొకరి పనిని చంపి నీ పని మొదలుపెడతావు. ఆ రుణం తీరేంత బొమ్మ వస్తే తప్ప అతికించే హక్కు నీకు లేదు. వినడానికి బాగుంది. మిత్రులు తలలూపారు కూడా.

నిలవలేదు. రుణమే అయితే చెయ్యి కత్తెర దగ్గర వణకాలి. స్వామి ముఖం, పాదాలు తప్పించి కోస్తాను, అది మా ఇంటామె పెట్టిన హద్దు, నాకూ సమ్మతమే. మిగతాదంతా కరకర కోసేస్తాను. అప్పుడు లేని సంకోచం అతికించేటప్పుడు ఎక్కణ్నుంచి వచ్చింది? పైగా క్యాలెండర్లలోని స్విట్జర్లాండు మంచుకొండల దగ్గరా ఇదే తంతు. స్విట్జర్లాండుకు నేనేం బాకీ లేను.

పోనీ, అతికిస్తే ఇక తియ్యలేమన్న భయమా? ఆ భయం పడే హక్కు నిజంగా ఉన్నవాళ్లు ఇక్కడికి గంట దూరంలో శ్రీకాళహస్తిలో ఉన్నారు, కలంకారీ పనివాళ్లు. కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ మీద ముందు చింతబరికె బొగ్గుతో చిత్తు గీస్తారు. అది దులిపితే పోతుంది. ఆ తర్వాత వెదురు కలం. దానికి చుట్టిన గుడ్డ ముక్కను వేళ్లతో నొక్కుతూ గీస్తే కసిమి దిగుతుంది. ఇనప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం కలిపి వారాల తరబడి ఊరబెట్టిన నీళ్లే కసిమి. అది కరక్కాయను తాకగానే నల్లబడుతుంది. ఆ నలుపు ఏ ఏట్లో ఉతికినా పోదు. అక్కడ గీత జారితే జారిందే. మరి ఆ చేతులు బిగుసుకుపోవాలి కదా? నేను చూసినప్పుడు ఒకామె సీతమ్మ కనురెప్ప గీస్తూ పక్కనున్నామెతో గ్యాసు సిలిండరు రాలేదని తగవులాంటి మాటలేవో మాట్లాడుతోంది. కలం ఆగలేదు, మాట ఆగలేదు. నాదేమో ఉత్త కాగితం. అతికించింది నచ్చకపోతే పైన ఇంకోటి అతికించొచ్చు. అసలీ కళలో తిరుగులేని తప్పంటూ లేదు. అలాంటప్పుడు దేనికి భయపడుతున్నట్టు?

ఇక్కడే ఆలోచన మొరాయించేది. అలా మొరాయించినప్పుడల్లా చిత్తూరులో మా ఇంటెదురు గోడ గుర్తొస్తుంది.

మూతబడ్డ బియ్యం మిల్లు గోడ అది. ఎనభైల మొదట్లో మాట. గురువారం రాత్రి రెండో ఆట వదిలే వేళకు ఒకాయన సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిలుకు బకెట్టు, వెనక క్యారియరు మీద మడతపెట్టిన షీట్లు, సైకిలు కడ్డీకి కట్టిన పొడుగు కర్ర కుంచె. బకెట్లో మైదా ఉడికించిన బంక. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తాడు కాబట్టి టార్చి వెలుగులో లేత పచ్చగా కనిపించేది. టార్చి పట్టుకోవడం నా ఉద్యోగం. జీతం లేదు. అప్పుడప్పుడు చిన్న సైజు పోస్టరొకటి మిగిలితే ఇచ్చేవాడు, అదే.

పెద్ద పోస్టరంటే ఆరు షీట్లు. ఆరూ నేలమీద పరిచి సరిచూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మడత కొస చూసి ఇది ఏ భాగమో చెప్పేవాడు. ముందు గోడకు బంక ఒక దెబ్బ. షీటు ఆనించి, దాని పైనుంచి ఇంకో దెబ్బ. కుంచె ఎప్పుడూ నడిమి నుంచి అంచులకు పోతుంది, గాలి బుడగల్ని తోసుకుంటూ. కాగితం తడిస్తే సాగుతుంది. పొడి మీద కలిసిన గీతలు తడిశాక కలవవు. పై షీటు ఎంత సాగిందో దాన్నిబట్టి కింది షీటు ఆనించాలి, అదీ రెండు మూడు క్షణాల్లో, చీకట్లో. పక్క షీటు మీదికి బొటనవేలెడు ఎక్కించి అతికేవాడు. సాధారణంగా కలిసేవి. కలవనప్పుడు హీరో చెవి ఒకచోట, చెంప ఒకచోట.

ఒకసారి చిరంజీవి కన్ను తప్పింది. అతుకు సరిగ్గా కన్ను మీదుగా పోయింది. పైరెప్ప ఒకచోట, కనుగుడ్డు దానికి జానెడు పక్కన. నేను టార్చిని అక్కడే ఆపేశాను.

"అన్నా, కన్ను తప్పిపోయిండాదే."

"టాకీసు పేరు కనపడతా ఉండాదా?"

"ఉండాది."

"ఆట టైము?"

"అదీ కనపడతా ఉండాది."

"ఇంకేం రా అబ్బోడా! లైటు ఈ మూలకు కొట్టు."

మూలల దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. కన్ను తప్పితే లెక్కచెయ్యనివాడు మూల దగ్గర కుంచె పక్కన పెట్టి, వేళ్లతో బంక తీసి, కాగితం కిందికి పూసి, అరచేతి మడమతో అదిమి, కాసేపు అలాగే పట్టుకునేవాడు. గోడ పెచ్చు లేచిన చోటైతే ముందు గోడను గీకేవాడు. మూల లేస్తే తెల్లారేసరికి పోస్టరు ఆవు కడుపులో ఉంటుందనేవాడు. అబద్ధం కాదు. మైదా రుచికి ఆవులు పోస్టరు కొస పట్టుకుని లాగేవి. కొత్త సినిమా కింద పోయిన వారం సినిమా, దాని కింద అంతకుముందుది, అట్టలా దళసరిగా ఊడొచ్చేవి. 1949 మొదలు పారిస్ గోడల మీది చిరుగుల పోస్టర్లను ఊడబెరికి కళాఖండాలుగా పెట్టిన హేన్స్, విల్లెగ్లేల గురించి చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. చిత్తూరు ఆవులకు పేరు రాలేదంతే.

నాలుగు మూలలూ అయ్యాక ఆయన బకెట్టు తగిలించుకుని వెళ్లిపోయేవాడు. రెండడుగులు వెనక్కి జరిగి బొమ్మ మొత్తాన్ని చూసుకోవడం, ఆ ఒక్కటీ ఎప్పుడూ చెయ్యలేదు. ఇంకా గోడలున్నాయి. తెల్లారితే శుక్రవారం.

ఈ ముచ్చట ఎవరికి చెప్పినా దాంట్లోంచి పాఠం పిండేస్తారు. చూశావా, ఆయనకు అహం లేదు, ఎవరేమనుకుంటారోనన్న బెంగ లేదు, నువ్వూ అలా ఉండు, నీ వంకర కాళ్ల ఏనుగును ఎవరూ అంతగా చూడరు అంటారు. చూడరా? నేను చూశానే. నలభై ఏళ్లు దాటినా ఆ కన్ను మరిచిపోలేదే. ఎవరూ చూడరన్నది ఓదార్పు, నిజం కాదు. ఇంకో రకం వాళ్లున్నారు, లోపమే అందమనేవాళ్లు. పగిలిన గిన్నెను బంగారంతో అతికే జపాను వాళ్ల ఫొటో రోజూ పొద్దున్నే పంపేది వీళ్లే. ఆ కన్ను నాకు గుర్తున్నది అందంగా ఉన్నందుకు కాదు, తప్పుగా ఉన్నందుకు. తప్పును అందమని పిలిస్తే తప్ప భరించలేకపోవడం కూడా పర్ఫెక్షన్ పిచ్చే, కాకపోతే వేషం మార్చింది. జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాలు అరగదీసిన మిత్రుడొకడు పోల్చుకోవడం మానెయ్, భయం అదే పోతుందంటాడు. ఎవరితో పోల్చుకుంటున్నాను నేను? ఈ వీధిలో శుభలేఖలు కోసి ఏనుగులు చేసేవాడు ఇంకొకడుంటే కదా!

ఆ రాత్రిళ్లను ఎంత తిప్పి చూసినా నాకు చివరికి మిగిలింది ఆయన గుణం కాదు, ఆయన వారం. ఆయనకు శుక్రవారం ఉంది. పొద్దున్నే ఆ దారిన పోయేవాళ్లు ఆ గోడ వైపు చూస్తారు, ఏ సినిమా, ఏ టాకీసు, ఎన్నింటికి అని. ఆ చూపు అక్కడికి చేరేలోపు కాగితం అక్కడ ఉండాలి. కన్ను కలవకపోయినా ఉండాలి. శ్రీకాళహస్తి ఆమె ఒళ్లో ఉన్న గుడ్డ కూడా ఎవరో చెప్పి చేయించుకుంటున్నదే. ఫలానా నాటికి ఇవ్వాలి. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. అంత పెద్ద ముఖం, కళ్లు, కోరలు, రంగులు. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో వచ్చి ఆ ముఖం చెంప తొలగిస్తారు, జనం ఆ మట్టి కోసం ఒకరి మీద ఒకరు పడతారు. ఇంటికి తీసుకుపోయి దాచుకుంటారు. ఆ ముఖం చేసేవాళ్లను తెల్లారే గడువు ఒకటే తరుముతుందంటే తప్పు. కింద నిలబడ్డవాళ్లంతా దానికోసం కాచుకుని ఉన్నారు. ముక్కు కాస్త వంకరైనా ఆ మట్టి వాళ్లకు కావాలి.

నా బొమ్మలు ఎవరికీ అక్కర్లేదు. చెప్పాలంటే కొంచెం కష్టంగానే ఉంది, కానీ సంగతి ఇదేనని నాకు అనిపిస్తోంది. ఎవరో చూస్తున్నారన్న భయంతో చెయ్యి ఆగుతుందని లోకం చెబుతుంది. నా చెయ్యి ఆగేది ఎవరూ ఎదురుచూడటం లేదు కాబట్టి. అడిగేవాళ్లు లేనప్పుడు బొమ్మ ఎప్పుడు పూర్తయిందో తేల్చే పని కూడా నా మీదే పడుతుంది, ఆ తీర్పు చెప్పడం నాకు చేతకాదు. "ఇంకా బాగా రావాలి" అనేది ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్న మాట. స్వేచ్ఛ కావాలని అందరూ అంటారు. నాకున్నదంతా స్వేచ్ఛే. బీరువా మీద పెట్టెడు స్వేచ్ఛ ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ దగ్గర చిక్కు వచ్చింది. 1941లో పేగు ఆపరేషను అయ్యాక ఎక్కువసేపు నిలబడలేక, ఆయన మంచంలోనో చక్రాల కుర్చీలోనో కూర్చుని సహాయకులు రంగు పూసిచ్చిన కాగితాలను కత్తిరించేవాడు. ముక్కల్ని గోడకు గుండుసూదులతో గుచ్చించి, వారాల తరబడి అటు జరపండి ఇటు జరపండి అనేవాడు. ఆ కాగితాల నిండా సూది బెజ్జాలు. అంటే ఆయనా గమ్ము డబ్బా మూత తియ్యలేదన్నమాట! వాన్స్ ఊళ్లో 1951లో పూర్తయిన ప్రార్థనామందిరం అద్దాల కోసం కోసినవాటికి గడువుంది సరే, మిగతా ఆకులూ చిలకలూ ఎవరడిగారు? చావు తరుముకొస్తోంది కదా అంటారేమో. చావు నాకూ ఉంది. అదేమీ నన్ను తొందరపెట్టడం లేదు.

మతీస్‌నైనా సర్దుకోవచ్చు, గుచ్చడమే ఆయన అతికించడం అనుకుని. వినోద్ బిహారీ ముఖర్జీ దగ్గర నా వాదన నోరు మూసుకుంటుంది. శాంతినికేతన్ చిత్రకారుడు. 1957 ప్రాంతంలో కంటి ఆపరేషను తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన కాగితాలు కత్తిరించి, తడిమి, అతికించి బొమ్మలు చేశాడు. సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద ఇన్నర్ ఐ అనే డాక్యుమెంటరీ తీశాడు. వెనక్కి జరిగి చూసుకోవడం ఆయనకు లేదు, శుక్రవారమూ లేదు. చీకటి ఆయనకు ధైర్యమిచ్చిందని కథ అల్లడం నాకిష్టం లేదు, అలాంటి కథలు చూపున్నవాళ్లు తమ సుఖం కోసం చెప్పుకునేవి. నాకు తోచేదొకటే. చూపు పోవడానికి పదేళ్ల ముందు, 1946-47లో, హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధువుల బొమ్మలు వేసింది ఈ చెయ్యే. తడి సున్నం మీద, పూర్తిసైజు చిత్తు నకలు లేకుండా. సున్నం ఎవరికోసమూ ఆగదు, ఆరిపోతుంది. పూటకు ఆ పూట గీత తేల్చెయ్యడం అక్కడే అలవాటై, కళ్లు పోయినా చేతిలో మిగిలిందేమో. ఏమో. సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి సున్నాన్ని సాక్ష్యానికి పిలుస్తున్నాననీ తెలుసు.

మొన్న మా తమ్ముడి కూతురు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఐదో తరగతి. రేపు చార్టు ఇవ్వాలట, సముద్రంలో బతికే జీవాలు. స్టేషనరీ కొట్టు మూసేశారు, బొమ్మల షీటు దొరకదు. బీరువా మీది పెట్టె దించాను. పట్టుచీర నీలం సముద్రమైంది. మిఠాయి డబ్బా బంగారు కాగితం చేపల పొలుసులైంది. స్విట్జర్లాండు మంచు, అడుగు వైపు తిప్పితే, సొరచేప పొట్ట. గమ్ము సగంలో అయిపోతే అన్నం మెతుకులు మెదిపి పూశాం. పది దాటకముందే అయిపోయింది. నేను వెనక్కి జరగలేదు, ఆ పిల్ల నిద్రకు తూలుతోంది. పొద్దున చార్టు చుట్టి రబ్బరు బ్యాండు వేసుకుని ఆటో ఎక్కిపోయింది.

అనుకున్నదే రుజువైంది కదా అని సంబరపడాల్సింది. పడలేదు. ఎవరో అడిగారు కాబట్టి అతికించానా, లేక నాది కాదు కాబట్టి అతికించానా? రెండోదే నిజమైతే, నీ పేరు పాడవుతుందని భయపడుతున్నావన్నవాళ్లే గెలిచారు. తేల్చుకోవాలంటే నా బొమ్మను ఎవరైనా గడువు పెట్టి అడగాలి. సిగ్గు విడిచి ఆ పిల్లనే అడిగాను, శుక్రవారానికి నాకొక బొమ్మ చెప్పు, చేసిస్తానని.

"దేనికి పెదనాయనా?"

నా దగ్గర జవాబు లేదు. పరీక్ష కోసం పుట్టించిన శుక్రవారమని ఆ పిల్లకు వెంటనే తెలిసిపోయింది. కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత దానికే ఏదో తట్టింది. సైకిలు ముందరి బుట్టకు ఏనుగు కావాలట. కొత్తది వద్దట, పెట్టెలో ఉందే వంకర కాళ్లది, అదే. అట్ట మీద అతికించి ఇస్తే బుట్టకు కట్టుకుంటుందట.

"వాన పడినా ఊడకూడదు పెదనాయనా."

వానకు ఆగాలంటే గమ్ము పనికిరాదు. తెల్ల ఫెవికాల్ కూడా తడికి మెత్తబడి తెల్లగా పాలిపోతుంది. అట్ట బదులు పల్చటి ప్లాస్టిక్ షీటు తీసుకుని, సింథటిక్ రబ్బరు బంకతో అంటించి, పైన రెండు పూతలు వార్నిష్ వేస్తే ఆగొచ్చు. వార్నిష్ అచ్చు రంగుల్ని కాస్త పసుపుగా మారుస్తుంది, ఏనుగుకు ఫరవాలేదు. మూలలు నాలుగూ వెనక్కి మడిచి అంటించాలి.